రెండో బోరు

నీళ్ల కోసం కాదు నేను బోరు వేసేది.
మొదట అందరూ అదే అడుగుతారు.
నీళ్లు పడితే పడనీ, నాకు కావలసింది
మూడు వందల అడుగుల కింద
ఎండాకాలమూ చలికాలమూ పట్టనట్టు
ఏడు డిగ్రీల దగ్గర కూర్చున్న రాయి.

మెయిన్ రాష్ట్రం ఉత్తరపు కొసన,
సెయింట్ జాన్ నది గడ్డకట్టి తెల్ల రోడ్డయ్యే చోట
ఆ రాతిని ఇళ్లతో కలపడం నా పని.
పైపు దిగుతుంది, పైపు ఎక్కుతుంది.
వేసవిలో అదే పైపు ఇంటి ఉక్కను
కిందికి మోసుకుపోయి దాచేస్తుంది.
నేల ఇంతవరకూ ఎవరికీ బిల్లు పంపలేదు.
పంపేది నేను.

ఒడీల్ మిషోకి మొదటిసారి అంచనా రాసిచ్చినప్పుడు
ముప్పై ఒక్క వేల డాలర్లు.
స్కూలు బస్సు తోలే మనిషి. అమ్మో అనలేదు.
కాగితం నాలుగు మడతలు పెట్టి
ఫ్రిజ్ మీది బంగాళాదుంప బొమ్మ అయస్కాంతం కింద దూర్చింది.
"ఈ ఏడు కప్పు మార్పించాలి. పైఏడు చూద్దాం."

పైఏడు నలభై నాలుగు.
ఉక్కు పెరిగింది, రిగ్గు తాగే డీజిల్ పెరిగింది,
మా మేనల్లుడు రెమీ జీతం పెరిగింది.
అది నేనే పెంచాను,
లేకపోతే వాడు గాలిమరల కంపెనీకి పోయేవాడు.
ఆ కాగితమూ అయస్కాంతం కిందికే.

మూడో ఏడు యాభై ఎనిమిది.
అదే రాయి. అదే లోతు.
పన్నులో తిరిగొచ్చే వాటా ఇక రాదన్నారు.
ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె మొహం చూడలేక
కిటికీలోంచి కిరోసిన్ ట్యాంకుకి చెప్పాను.

ఆమె కోటు వేసుకుని
నన్ను పెరటి చివరికి తీసుకెళ్లింది.
గట్టులోకి సగం దిగబడిన దుంపల గోదాము.
ఆమె తాత, ఒక గుర్రం, ఆరుగురు అన్నదమ్ములు తవ్వింది.
బయట మైనస్ ముప్పై. లోపల
నాకు తెలియకుండానే చేతితొడుగులు విప్పాను.
ఖాళీ గంపలు, మట్టి వాసన,
గోడ మీద సుద్దతో తాత రాసుకున్న పీపాల లెక్క.
"ఆయనకి ఎవరు రాసిచ్చారు అంచనా?" అంది.

నా ఇంట్లో కట్టెల పొయ్యి
ఊరందరికీ తెలుసు, నా ముందు ఎవరూ అనరు.
అరవై పెరళ్లలో బోరు దించిన చెయ్యి ఇది.
సొంత పెరట్లో ఒక్కటీ లేదు.

ఇంటికి రెండు బోర్లు కావాలి.
"ఒకటి వెయ్యి. ఒకదానికి ఉంది నా దగ్గర."
పంపు లేదు, ఇంటిదాకా పైపు లేదు,
ఒంటి చెప్పు కొన్నట్టు ఉంటుందమ్మా అన్నాను.
"పైఏటి ధరకి రెండూ కొనేకంటే
ఈఏటి ధరకి ఒకటి కొనుక్కోవడం నయం కదూ.
రాయి ఎక్కడికీ పోదుగా?"
పోదు.
అదొక్కటి మాత్రం రాసివ్వగలను.

రెండు రోజులు రిగ్గు అరిచింది.
బూడిదరంగు బురద మంచు మీద పారింది.
రెమీ పైపు దించి, మూత బిగించాడు.
మంచు తోసే బండి కొట్టేయకుండా
ఆమె పక్కనే ఒక విరిగిన స్కీ కర్ర పాతి
నారింజరంగు గుడ్డ కట్టింది.

ఫిబ్రవరిలో అటు పోతూ బండి ఆపాను.
కిరోసిన్ లారీ వచ్చి ఉంది.
కుర్రవాడు గొట్టం లాక్కొస్తూ
స్కీ కర్రని చుట్టి, మూతకి తగలకుండా
పురిటి గది ముందు నడిచినట్టు నడిచాడు.
మీటరు గిరగిరా తిరుగుతోంది.

కిటికీలోంచి ఒడీల్ ఒక వేలు ఎత్తి చూపింది.
ఒకటి అయిందనో,
ఇంకా ఒకటుందనో.

జేబులో కొత్త ధరల పట్టీ ఉంది.
చెయ్యి ఊపాను.
బండి దిగలేదు.