అర అంగుళం గడ్డి

గురువారం పొద్దున్నే తెల్లరంగు కలుపుతాను.
పలచనైతే టీవీలో కనపడదు,
చిక్కనైతే కుర్రాళ్ళ మోచేతులకి అంటుకుని
ఆదివారం దాకా వదలదు.
మేకుకీ మేకుకీ మధ్య దారం లాగి కట్టి
ఐదు గజాలకో గీత.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే నా చేతిరాత.

పోయిన గురువారం గీస్తుండగా
పైనించి విమానం పోయింది.
చిన్నది, తెల్లది, తోక మీద ఎవరి పేరూ లేనిది.
అందులో మా కోచ్ క్విలన్ ఉన్నాడని
మధ్యాహ్నానికి గానీ నాకు తెలియలేదు.
ఊరికి ముందే తెలుసు.
నవంబరు వచ్చిందంటే మా ఊళ్ళో జనం
విమానాల నంబర్లు రాసుకుంటారు,
వలస పిట్టల్ని లెక్కపెట్టేవాళ్ళలాగా.

మంగళవారం రాత్రే కదా
లాకర్ గదిలో కుర్రాళ్ళని చుట్టూ కూచోబెట్టుకుని
"నేనెక్కడికీ పోను, ఇది నా ఇల్లు" అన్నాడు!
తువ్వాళ్ళ బండి తోస్తూ నేనూ విన్నాను.
ఆ ఒక్క మాట పట్టుకునే లూసియానా నుంచి వచ్చిన
పంతొమ్మిదేళ్ళ టైరెల్ బోడ్రో
ఆ సాయంత్రం నలభై గజాల గీత మీద కూచుని
బూటు తాడు కట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు,
మళ్ళీ కట్టుకుంటున్నాడు.
రంగు ఆరలేదు, లేవరా అనబోయి
ఊరుకున్నాను.

ఏరు దాటి తెప్ప తగలేశాడని
మంగలి డెల్మర్ తిట్టిపోశాడు.
కొట్లో గోడ మీది క్విలన్ ఫొటో దించాడు గానీ
మేకు మాత్రం ఉంచాడు,
తర్వాతివాడికి పనికొస్తుందని.

ఇదే డెల్మర్, రెండేళ్ళ కిందట,
ఇమోజెన్ టార్ వాకిట్లో గుడ్లు పగలగొట్టినవాళ్ళలో ఉన్నాడు.
ఆవిడ రాళ్ళ గురించీ మట్టి గురించీ చెప్పే పంతులమ్మ.
మా క్వార్టర్‌బ్యాక్ పరీక్ష పేపర్లో
రెండు చేతిరాతలున్నాయని పట్టుకుంది.
నాలుగు మార్కులు కలపమని డీన్ ఇంటికొచ్చి బతిమాలాడట.
"ఇసుకరాయికీ సున్నపురాయికీ తేడా
వాడొచ్చి చెప్తే కలుపుతాను" అందిట.
వాడు రాలేదు. ఆ శనివారం ఆడనూ లేదు.
పద్నాలుగు పాయింట్లతో ఓడాం.
ఆ పద్నాలుగూ ఆవిడే మింగిందన్నారు.

తర్వాతి వారమూ వచ్చిందావిడ,
ముప్ఫై రెండో వరసలో తన సీట్లోకి,
ఊలు టోపీ, ఫ్లాస్కులో సూపు.
అటూ ఇటూ సీట్లు ఖాళీ.
మావాడు బంతి దొరకబుచ్చుకుని పరిగెత్తినప్పుడు
స్టేడియంలో అందరికన్నా ముందు లేచి నిలబడింది
ఆవిడే.

ఇదంతా ఎందుకంటే,
డెల్మర్ని నేనేమీ అనలేను.
పదకొండేళ్ళ కిందట, పాత కోచ్ రోజుల్లో,
అవతలి జట్టులో జింకలాంటి పిల్లాడొకడుండేవాడు.
శుక్రవారం సాయంత్రం కోచ్ నా షెడ్డుకొచ్చి
"ఈ వారం గడ్డి కొయ్యకపోతే ఏం?" అన్నాడు నవ్వుతూ.
కొయ్యలేదు. అర అంగుళం.
రాత్రి నీళ్ళు కూడా వదిలాను.
అది ఎవరూ అడగలేదు.
మూడో క్వార్టర్లో ఆ పిల్లాడు మలుపు తిరగబోయి జారాడు,
మోకాలు పట్టుకుని చాలాసేపు లేవలేదు.
మేం గెలిచాం.
అరిచిన అరుపుకి నాకు మూడు రోజులు గొంతు పెగల్లేదు.
గీతలు తిన్నగానే ఉన్నాయి ఆ రోజు కూడా.
కావాలంటే దారం పెట్టి చూసుకోవచ్చు.

సోమవారం కొత్త కోచ్ దిగాడు.
అదే గది, అదే మాట,
"ఇల్లు" అన్నచోట చెయ్యి గుండె మీద.
కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. టైరెల్ కొంచెం ఆలస్యంగా.
తువ్వాళ్ళు కింద పెట్టి నేనూ కొట్టాను.
చెప్పేటప్పుడు అది ఎవరికీ అబద్ధం కాదు,
అదే దాంతో చిక్కు.

బయటికొస్తే కంచె అవతల టార్, చేతికర్రతో.
"గడ్డి నున్నగా కోశావే ఈసారి" అంది.
మామూలుగానే అంది.
బ్లేళ్ళు సానపట్టాలని చెప్పి
షెడ్డులోకి వచ్చేశాను.
వచ్చాక గుర్తొచ్చింది,
నిన్ననే పట్టాను.