చుక్కల గీత

ఏనుగొండ రూముల కరెంటు పోయింది.
ఫోను వెలుతురు గోడకు ఆనించి
రేపటి సెమినారుకు నెట్‌వర్క్ డయాగ్రం గీస్తున్న.
సున్నా నుంచి సున్నాకు ఒక బాణం,
పునాది తవ్వుడు, ఆరు దినాలు.
ఇంకో బాణం, ఇనుము కట్టుడు, నాలుగు.
సెంట్రింగు. పోత. క్యూరింగు.

సున్నాలు నాకు కొత్తగాదు.
గుంపు మేస్త్రి ఎర్ర బుక్కుల
నాయిన పేరు ముందట అడ్వాన్సుకు
ఎన్ని సున్నాలున్నయో లెక్కపెట్టుకుంటనే
అంకెలు నేర్చిన,
పుణె అవతల, సొరంగం మూతికాడ, రేకుల షెడ్డుల.
బడి అంటే మక్తల్‌ల ఆర్నెల్లు,
కొండకాడ ఆర్నెల్లు.

మొన్న క్లాసుల ఇర్ఫాన్ సార్ చెప్పిండు,
"డమ్మీ యాక్టివిటీని చుక్కల గీతతోని చూపియ్యాలె.
దానికి టైం లేదు, ఖర్చు లేదు, మనిషి అవసరం లేదు.
కానీ అది తీసేస్తే లెక్క నిలవడదు."
అందరు రాసుకున్నరు.
నా పెన్ను ఆగింది.

తెల్లారగట్ల మూడింటికి
ముగ్గురాడోళ్లు లేచి
నలభై మందికి జొన్నరొట్టెలు కొట్టేటోళ్లు.
ఆ చప్పుడుకే నాకు మెలకువ.
ముందు రొట్టె చప్పుడు, తర్వాతనే మిక్సరు చప్పుడు,
ఒక్కనాడు కూడ తిరగబడి రాలేదు.
మా అమ్మ తిప్పమ్మ మస్టర్‌ల లేదు.
జోడి కింద ఇద్దరికి ఒకటే పేరు రాసేటోళ్లు,
ఆ పేరు ఎల్లప్ప.

పుస్తకంల ఒక మజ్దూరు దినానికి
ఎన్ని క్యూబిక్ మీటర్ల మన్ను తవ్వుతడో ఉన్నది.
తట్టకు ఎంత పడ్తదో రాయలేదు.
కోకాపేట సైటుకు ఫోన్ జేసి అడిగిన.
ఇరవై తొమ్మిదో అంతస్తు మీద గాలి,
అందుల అమ్మ నవ్వు.
"ఏ తట్ట పిల్లా?
మేస్త్రి చూసేటప్పటిదా, చూడనప్పటిదా?"

మా బ్యాచిల చంద్రహాస్‌కు దోహ మీద మనసు.
గౌసియా సేఫ్టీ ఆఫీసరైతదట,
ఇప్పటినుంచే హెల్మెట్ పెట్టుకొని సెల్ఫీలు దిగుతది.
నాకు వచ్చిన కాగితంల
ప్లానింగ్ ఇంజనీర్ ట్రైనీ అని ఉన్నది,
నాగ్‌పూర్, నెలకు ఇరవై ఆరు వేలు.
ఇంటర్వ్యూల ఆ సారు స్క్రీన్ మీదికెళ్లి అడిగిండు,
లేబర్ మేనేజ్‌మెంట్‌ల ఏమన్న అనుభవం ఉందా అని.
పదిహేనేండ్లు, అన్న.
జోకనుకొని నవ్విండు. నేను సుత నవ్విన.
ఉద్యోగం అవసరం.

జాయినైనంక నా చేతికొచ్చేది
ఆ ఎర్ర బుక్కే గదా అని ఒక భయం.
ఈసారి ఎక్సెల్ షీటుల ఉంటది,
రంగు మారుతది,
కట్టల కొద్ది పేర్లు మా దిక్కువే ఉంటయి.
అమ్మకు చెప్పిన ఈ మాట.
కొద్దిసేపు గాలి చప్పుడే వచ్చింది.
"భయం సంగతి తర్వాత జూద్దాం గని,
నీళ్ల ట్యాంకరు ఎన్నింటికి రావాలెనో
ముందుగాల రాసుకో.
అది లేటైతే ఎసరు లేదు,
ఎసరు లేకుంటే ఎవ్వడు పార పట్టడు."

కరెంటొచ్చింది. ఫ్యాను కాగితాలు లేపింది.
డయాగ్రం మీద స్కేలు పెట్టి
చుక్కల్ని ఒక్కొక్కటి కలుపుకుంట పోయిన.
నీళ్లు, గంట. రొట్టెలు, రెండు గంటలు.
పసిపిల్లకు పాలిచ్చుడు, పూటకు రెండుమార్లు.
మల్ల మొదటికెళ్లి కూడిన.
మొత్తం పని పదకొండు దినాలు వెనక్కి జరిగింది.
రబ్బరు చేతుల వట్టుకొని చూస్తున్న.
రేపు సారు అడుగుతడు,
ఇన్నొద్దులు ఏడికెళ్లి వచ్చినయి అని.