అరువు పద్దు

నాలుగో తరగతి పాఠ్యపుస్తకంలో
ఆ ఏడాదికి దక్కినవి రెండే వాక్యాలు.
"1894లో నెబ్రాస్కాలో కరువు వచ్చింది.
చాలామంది వెళ్ళిపోయారు."
పక్కన ఎండిన మొక్కజొన్న బొమ్మ.
ఆ కంకికి ఎవరో, నా పిల్లల్లోనే ఎవరో,
మీసాలు దిద్దారు.

సోమవారం పుస్తకాలు మూయించాను.
కౌంటీ కోర్టు నేలమాళిగలో
బతిమాలి తెచ్చుకున్న కిరాణాకొట్టు ఖాతా,
దాని నకళ్ళు పంచాను, బల్లకి రెండేసి పుటలు.
అసలుది నా ఒళ్ళోనే ఉంచుకున్నాను.
ముట్టుకుంటే రాలే అంచులు,
కిరసనాయిలు వాసన ఇంకా వదలని అట్ట.

పిల్లలకి గొలుసుకట్టు రాత రాదు.
మా బడిలో నేర్పడం మానేసి చాలా ఏళ్ళయింది.
అక్షరాలన్నీ చేతులు పట్టుకుని పోతుంటే
ఎక్కడ ఎవర్ని విడదీయాలో తెలీక
భూతద్దాల మీద ముక్కులు ఆనించారు.
దారాన్ని రొట్టె అని చదివాడు టోబిన్.
"రెండు కండెల రొట్టె!"
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఏప్రిల్లో విత్తనాలు, నాగటి కర్రు, చక్కెర.
మేలో చక్కెర, కాఫీ, నీలిరంగు రిబ్బను మూర.
జూన్‌లో కాఫీ.
జూలైలో ఉప్పు.
"చక్కెర ఎందుకు మానేశారు?"
"పళ్ళు పుచ్చిపోతాయని," అన్నాడు కార్విన్.
వాళ్ళ నాన్న పళ్ళ డాక్టరు.
జవాబు నాలిక చివరిదాకా వచ్చింది.
మింగాను.
ఈ పాఠంలో నా పని చాలావరకు అదే.
కాసేపటికి వెనక బల్ల నుంచి
ఎవరో తమలో తాము అనుకున్నట్టు,
"వాన పడలేదు కదా" అన్నారు.

ఆగస్టు ఇరవై ఏడు: క్లింక్‌హామర్ ఖాతా.
పలక ఒకటి, బలపాలు ఆరు.
సెప్టెంబరు పది: అదే ఖాతా.
పలక వాపసు. మూల విరిగింది.
రెండు సెంట్లు కోత.
రెండు సెంట్ల మీద పెద్ద రభస జరిగింది.
కొట్టువాడు పిసినారి అని ఒక జట్టు,
అతనికీ పిల్లలుంటారు కదా అని ఒక జట్టు.
ఆ పిల్ల బడి మానేసిందా, బండెక్కి వెళ్ళిపోయిందా,
అసలు పిల్లా, పిల్లాడా?
ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు అన్నాను.
టీచరుకి తెలీకపోవడం వాళ్ళకి ఎంత పండగో!

యారెలి మాత్రం తల ఎత్తలేదు.
వాళ్ళమ్మ మాంసం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
ఇంటికొచ్చే కాగితాలన్నీ
ఆ పిల్లే చదివి చెబుతుంది.
కాగితాన్ని అంత తేలిగ్గా వదలదు.

"మిస్, ఇక్కడ బార్నబీ అంటే ఎవరు?"
చూశాను. లాడాలు నాలుగు, బార్నబీకి.
"కంచరగాడిద" అన్నాను.
"మరి దాని కింద?"

దాని కింద:
ఇండియన్ స్త్రీ. అడవి ప్లమ్ పళ్ళు, గంపెడు.
బదులు పిండి, నాలుగు పౌన్లు.

"గాడిదకి పేరుంది,"
అంది యారెలి. ఇంకేమీ అనలేదు.

పదకొండేళ్ళుగా ఈ పుట పంచుతున్నాను.
ప్రతి ఏడూ బార్నబీ దగ్గర నవ్వించి
పుట తిప్పేదాన్ని.
ఒమాహానో, పోంకానో, ఎవరి అమ్మో,
ఏ వాగు ఒడ్డున ఏరిందో ఆ పళ్ళు,
ఇంతకుముందు ఆ ఒడ్డు ఎవరిదో,
నేనే వేలు పెట్టి చూపించాల్సిన చోట
నా వేలు ఎప్పుడూ పుట చివర
తిప్పడానికి సిద్ధంగా ఉండేది.

భోజనం గంట కొట్టారు.
కుర్చీలు కీచుమన్నాయి,
భూతద్దాలు డబ్బాలో పడ్డాయి.
కార్విన్ తన నకలుతో విమానం మడిచాడు,
వద్దనలేకపోయాను.

యారెలి తలుపు దగ్గర ఆగింది.
"పలక వాపసు ఇస్తే రాసుకున్నారు కదా.
ఆమె గంప
తిరిగి ఇచ్చారా?"

ఇద్దరం మళ్ళీ కూచుని వెతికాం.
సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు.
ఆమె టిఫిను డబ్బా మూత తెరవనేలేదు.
డిసెంబరులో పేర్ల పక్కన
"పోయారు", "పోయారు", "పోయారు" అని రాసి
కొట్టువాడు కలం పెట్టేశాడు.

గంప మాట ఎక్కడా లేదు.