అర, పావు, వీసం

బోరబండలో మా ట్యూషన్ గదికి రేకుల కప్పు.
వాన పడితే నా గొంతు నాకే వినపడదు,
అందుకని ఆ సాయంత్రం అంతా బోర్డు మీదే:
మూడుకు వర్గం తొమ్మిది, పెద్దది.
మూడుకు మూలం చిన్నది, రెండుకు ఇవతలే ఆగుతుంది.
"వర్గం చేస్తే పెరుగును, మూలం తీస్తే తరుగును"
అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

పదహారేళ్లుగా గీస్తున్న గీతలు.

వెనక బెంచీలో జులేఖా చెయ్యెత్తింది.
టైల్స్ మేస్త్రీ ఖదీర్ బిడ్డ.
ఆదివారాలు బాపు వెంట పనికి పోతుంది,
సోమవారం దాకా గోళ్ల సందుల్లో తెల్ల సిమెంటు.
"అర ఫుటు టైలు అయితే మేడం?
ఇటు అర, అటు అర.
చదరపు ఫుటు నిండాలంటే నాలుగు పడ్తయి.
అంటే ఒక్కోటి పావే గద.
పెరగలే. తగ్గింది."

వాన ఆగలేదు, నేను ఆగాను.
డస్టర్ తీసి ఒక గీత చెరిపాను,
కాసేపటికి రెండోదీ.

అరకు వర్గం పావు.
పావుకు వర్గం వీసం.
మా నాయనమ్మ మినుములు కొలుస్తూ అనే మాటలు
ఇన్నేళ్లూ నా నోట్లోనే నాని,
ఒకదాని కడుపున ఒకటి పుట్టామని
ఒక్కసారీ చెప్పలేదు.
వెనక్కి నడిస్తే పావుకు మూలం అర.
సరుకు కన్నా మూలమే బరువు.
"చారాణా కోడికి బారాణా మసాలా!" అన్నాడు భూమేశ్.
"బారాణా కాదు, ఆఠాణా" అని జులేఖా సరిదిద్దింది.
గదంతా నవ్వు, వాన కన్నా గట్టిగా.

ఒకటికి లోపలి లోకం తీరే వేరు.
అక్కడ తనను తానే హెచ్చించుకున్న కొద్దీ
మనిషి సన్నబడతాడు.
నాకు తెలుసు ఆ లెక్క,
కొన్నేళ్లు తలుపేసుకుని చేశాను.

ఖదీర్ ఇల్లు నలభై గజాలు.
అతను ఇప్పుడు రాళ్లు పరుస్తున్న కోకాపేట బంగళా
నాలుగు వేల గజాలు.
నూరింతలు.
మూలాలు తీశాం: ఇటు ఆరు గజాల చిల్లర, అటు అరవై మూడు.
పదింతలే.
"ఇంగో పారి తీద్దాం మేడం" అన్నారు పిల్లలు,
ఎవరిదో ఇల్లు కొంచెం కొంచెం దగ్గరికి జరుపుతున్నట్టు.

కిరాణా కొట్టు నుంచి కాలిక్యులేటర్ తెచ్చి
మూలం మీట నొక్కుతూ పోయాం.
నాలుగు వేలు, అరవై మూడు, ఎనిమిదికి కాస్త తక్కువ,
మూడుకు లోపల, రెండుకు లోపల...
వీసంతో మొదలుపెడితే పావు, అర, ముప్పావుకు కాస్త తక్కువ...
అటు దిగుతూ, ఇటు ఎక్కుతూ
రెండూ ఒకటి వాకిట్లోకే.
చివరికి ఆ డొక్కు యంత్రంలో
పెద్దది ఒకటై లోపల కూర్చుంది.
చిన్నది వరసగా తొమ్మిదులు వేసుకుని
గడప బయటే నిలబడింది.
ఎంత నొక్కినా అంతే.

"మరి సున్నా?"
నొక్కాం. సున్నా.
మళ్లీ నొక్కాం. సున్నా.
"దానికి ముందుగాల ఏదన్నా ఇయ్యాలె,
వీసమన్నా" అంది జులేఖా, సంచీ సర్దుకుంటూ.

పోతూ పోతూ నా బల్ల కాలు కింద
ఒక టైలు ముక్క దోపి పోయింది.
నాలుగు మూలల్లో ఒకటి విరిగిన ముక్క.
బల్ల ఇప్పుడు ఊగడం లేదు.
బోర్డు మీద ఆ వాక్యం కింద
గీతలుండే చోటు ఇంకా ఖాళీగానే ఉంది.