గుండీలు

లాలాపేటలో సుభానీ టైలరు షాపు మీద
మేడగది మాది.
పద్నాలుగు మంది పెద్ద పిల్లలు.
అట్లా అనకూడదని ట్రైనింగులో చెప్పారు,
పెద్దవాళ్లనే అనాలట.
నిజమే, శౌరికి అప్పటికే ముప్పై నాలుగు,
చెవుల పక్క తెల్లబడింది.
చొక్కా గుండీ దగ్గర మాత్రం రోజూ ఓడిపోయేవాడు.

సుభానీ కోటు గుండీలిచ్చాడు, రూపాయి బిళ్లంతవి.
పాత దుప్పటి ముక్కకి కాజాలు కుట్టిచ్చాడు.
దాని మీద పదకొండు నెలలు.
దూర్చు. లాగు. వదులు.
ఒక మంగళవారం
గుండీ కాజాలోంచి తల బయట పెట్టింది.
చెప్పకుండా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు శౌరి.
మెట్లు దిగి సుభానీకి చూపించాడు.
మిర్చియార్డు నుంచి తుమ్ముకుంటా వచ్చిన
వాళ్లమ్మ తెరేజమ్మకి చూపించాడు.
సోడాబండి మనిషిక్కూడా.

ఆ మార్చిలో తాళం వేశాం.
పది రోజులే అన్నారు, బోర్డు మీద తేదీ చెరపలేదు నేను.
కింద సుభానీ మాస్కులు కుట్టాడు,
వాటికి గుండీలుండవు.
ఫోను చేస్తే తెరేజమ్మ వాడి చెవికి ఆనించేది.
మాట్లాడడు, ఊపిరి వినిపిస్తుంది.
ఆ రోజుల్లో
ఊపిరి వినిపించడమే పెద్ద కబురు.

రెండో విడతలో నసీబున్ పోయింది.
నలభై ఒక్కేళ్ల మనిషి,
చెయ్యి పట్టుకుంటేగానీ నిద్రపోదు.
వార్డులోకి ఎవర్నీ రానివ్వలేదు.
ఎవరన్నా పట్టుకున్నారా ఆ చెయ్యి
అని నేను అడగలేదు,
ఇప్పటికీ.

తాళం తీసేసరికి ఇరవై నెలలు.
మా గ్రాంటు ఫైలు ఈ శాఖలోంచి ఆ శాఖలోకి పోయిందన్నారు,
ఆ శాఖ పేరు కూడా మారిందన్నారు.
తొమ్మిది మందే మెట్లెక్కారు.
శౌరి ఒళ్లు చేశాడు.
గుండీ చేతిలో పెడితే
నోట్లో వేసుకున్నాడు.

మళ్లీ దూర్చు. లాగు. వదులు.
ఈసారి రెండేళ్లు.

అప్పుడొచ్చింది కాగితం,
అందరూ మళ్లీ పరీక్షకి రావాలని.
దొంగ సర్టిఫికెట్లు ఏరతారంట.
ఏరాల్సిందే. మా లైన్లోనే ఉన్నాడొకడు,
వికలాంగుల పెన్షను తీసుకుని
సాయంత్రం షటిలాడతాడు.

పెద్దాసుపత్రి వరండా, తెల్లారకముందే టోకెను.
తెరేజమ్మ ఆ రోజు కూలి వదులుకుంది.
మూడింటికి పిలిచారు.
డాక్టరు కుర్రాడు, పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేడు.
మెత్తగానే అడిగాడు,
"చొక్కా నువ్వే వేసుకుంటావా?"

శౌరి నా వంక చూశాడు.
నేను తల దించుకోవాల్సింది.
దించుకోలేదు.

వేసున్న గుండీలన్నీ విప్పి
మొదట్నుంచీ మొదలెట్టాడు,
నాలిక కొస బయటపెట్టి, మెడంతా చెమటతో.
మా వెనకాల లైను ఆగిపోయింది.
అయిదోది కూడా పెట్టేసి
చేతులు రెండూ బార్లా చాపి నిలబడ్డాడు.

చప్పట్ల కోసం.
మా గదిలో అది అలవాటు.

తెరేజమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.
డాక్టరు రాసుకుంటన్నాడు.
నేను కొట్టాను చప్పట్లు.
ఏం చెయ్యమంటారు.

డెబ్బై అయిదు శాతం
ముప్పై ఎనిమిదయింది.
నలభైకి రెండు తక్కువ.
సచివాలయంలో అప్పీలు రాసుకున్న పిల్ల మంచిది,
రశీదిచ్చి, వాడికి కుర్చీ కూడా వేసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో
తెరేజమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు.
అంటే బాగుండేది.
సంగడిగుంట మలుపు దగ్గర మాత్రం అడిగింది,
"మళ్లీ పిలుస్తారంటగా.
అప్పటికి మర్చిపోయేట్టు
చెయ్యగలవా ఆదెమ్మా?"

సోమవారం మెట్లెక్కి వచ్చాడు శౌరి.
మొదటి గుండీ రెండో కాజాలో.
ఒక పక్క చొక్కా కిందికి జారి,
కాలరు చెవికి తగులుతా,
చేతులు చాపి నిలబడ్డాడు గుమ్మంలో.

సరిచెయ్యబోయి
చెయ్యి గాల్లోనే ఆపాను.