విషయము: గడ్డి గురించి

దేవరకొండ ఆఫీసు గేటుకు ఎదురుంగ నా జిరాక్సు దుకాణం.
సోమవారం పొద్దుగాల షట్టరు లేపంగనే
బాధలు చెప్పులిడిసి లోపలికొస్తయి.
వాటికి తేదీ పెడ్త.
"గౌరవనీయులైన" అని మొదలువెడ్త,
"కోరుచున్నాము" అని ముగిస్త.
మధ్యల ఇరవై వరుసలు.
ఇల్లు కాలినా ఇరవై, పింఛను ఆగినా ఇరవై.

ఉప్పరికుంట కాలనీ ఆడోళ్లు అయిదుగురు
నాలుగోసారి వచ్చిన్రు.
వాళ్ల గోడలెనక పదకొండెకరాల వెంచరు.
ఒకప్పుడు ఆముదాలు పండిన చెల్క.
తెల్లరాళ్లు పాతిన్రు, ఆర్చి కట్టిన్రు,
ఆర్చి కాళ్లకు సిమెంటు నెమళ్లు.
పైసలు కట్టినోళ్లు పట్నంల,
కట్టించుకున్నోడు కోర్టుల,
నెమళ్లు మాత్రం ఈడ్నే,
మూడు వానకాలాల గడ్డిల మెడలదాక మునిగి.

చలి శివశివ అనుకుంట పోయింది.
గడ్డి ఎండి రాత్రిళ్లు గలగలమంటుందట,
ఎవరో చీర మార్చుకుంటున్నట్టు.
సైదమ్మకు నిద్ర పడ్తలేదట.

నిరుడు మోదుగులు పూసినప్పుడు అంటుకుంది.
ఎవని బీడీనో, ఏ కరెంటు తీగనో.
ఖైరున్నీసా దొడ్డి తడిక కాలింది,
తడిక లోపల ఆరు మేకలు.
నల్లా మూడొద్దులకోసారి వస్తది,
మంట ఆ దినం అడిగి రాలె.
ఫైరింజను వచ్చింది, రాలేదనలేం.
పైపులకని తవ్విడిసిన కాల్వ కాడ ఆగి
అక్కడ్నుంచే గంట కొట్టింది.

ఇదంత నేను టైపు చేసిన.
"అగ్ని ప్రమాదము సంభవించి" అని చేసిన.
సంభవించుడు అంటే ఏందన్నా అని
ఖైరున్నీసా అడిగితే తల దించుకున్న.

మున్సిపాలిటీ: అది పట్టా భూమి.
తాసిల్దారు: కేసు నడుస్తుంది, ముట్టరాదు.
ఫైరు స్టేషను: అంటుకున్నంక ఫోన్ చెయ్యిన్రి.
గడ్డికి తెల్వదు తనది ఏ శాఖనో,
పెరుగుడే తెలుసు.

ఈసారి జమునాబాయి అన్నది:
"కాయితం తెల్లగ సల్లగుంటదన్నా,
ఎండిన సంగతి సారుకెట్ల ఎరుకైతది?"
చీర కొంగుల కట్టుకొచ్చిన మోపు విప్పింది.
దుకాణమంత దుమ్ము, పల్లేరుకాయలు,
నా కీబోర్డు మీద ఒక మిడత.

నన్ను గూడ తోలుకపోయిన్రు, సదివెటందుకు.
కమిషనర్ సారు బల్ల మీద
కాయితం పెట్టిన్రు, పక్కన మోపు పెట్టిన్రు.
ఏందమ్మా ఇది?
జోడింపు సార్, అన్నది జమునాబాయి.
ఆ మాట నా దగ్గర్నే నేర్చుకుంది.

సారు ఇంకా కండ్లద్దాలు తుడుసుకోలె,
ఒక్క వరుస గూడ సదవలె,
గోడ మీది దేవుని పటం దిక్కు చూసి
అటెండరును కసిరిండు:
"ముందుగాల ఆ ఊదుబత్తి తియ్యవయ్యా!"

గది సల్లబడ్డది.
ఊదుబత్తి పట్టుకొని అటెండరు ఎటు పోవాల్నో తెల్వక నిలబడ్డడు.
ఎవ్వరం ఏమనలె.
సైదమ్మ మాత్రం ముందు ముక్కుతోని,
తర్వాత నోటితోని,
తర్వాత కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది.
నాలుగు దరఖాస్తులు చెయ్యని పని
మోపెడు గడ్డి ఊరికెనే పండి చేసింది.

గురువారం జేసీబీ వచ్చింది.
గోడ పొంటి పదడుగుల పట్టీ గీకింది
మసీదు మూల నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాక.
ఫొటో దిగిన్రు. డీజిల్ అయిపోయిందన్నరు.
ఆ పట్టీల ఇప్పుడు పోరగాళ్లు క్రికెటాడుతున్నరు,
బంతి గడ్డిలకు పోతే అవుట్.
పట్టీ అవతల పదెకరాలు
అట్లనే గలగలమంటున్నయి.

మల్ల సోమవారం.
షట్టరు సగం లేపిన్నో లేదో అయిదుగురు.
కొడవళ్లు సంచులల్ల ఉన్నయి, పిడులు కానొస్తున్నయి.
"ఈపారి బండెడు కొయ్యాలె" అంటుంది ఖైరున్నీసా,
"ఆటో మాట్లాడినం."

పాత ఫైలు తెరిచిన. తేదీ మార్చిన.
"కోరుచున్నాము" కాడ వేలు ఆగింది.
అది తీసేసిన.
ఏం పెట్టాల్నో ఇంక తోస్తలేదు.

కాపీలెన్ని తియ్యమంటరమ్మా?