మొన

"అది దయ కాదమ్మా, బరమా మొన"
అన్నాడు క్లెమెన్స్.
మూడు మిల్లీమీటర్ల మొన గుండ్రంగా తిరుగుతుంది.
దాని గీత ఎక్కడ మొదలైనా
ఎక్కడ ఆగినా
వేలి చివరలాగే ఉంటుంది.
మూల చెక్కడం దానికి చేతకాదు.

వూచ్ నగరంలో నూలు మిల్లులు నడిచిన రోజుల్లో
ప్రతి తలుపుకీ అతనే ఇత్తడి పలక చెక్కాడు:
రంగుల గది. ఆవిరి, జాగ్రత్త. ఆడవాళ్ల స్నానాలు.
మిల్లులు పోయాయి.
పలకలు ఒక బంగాళాదుంపల సంచీలో
బొగ్నా చేతికి వచ్చాయి.

ఆమె వాటి మీద పల్చటి కాగితం పరిచి
పెన్సిల్‌తో రుద్దింది,
నాణెం మీద పిల్లలు రుద్దినట్టు.
రెండు శీతాకాలాలు.
'ఓ' ఒక్కదానికే నలభై కాగితాలు.
కంపాసుతో గీస్తే పక్కలకి ఉబ్బినట్టు కనిపిస్తుంది,
సున్నా కాస్త అబద్ధమాడాలి.
గుండ్రటి కొన పొట్టిగా తోస్తుంది,
వెంట్రుకవాసి పొడుగు పెంచాలి.

సున్నాలు చుట్టడంతోనే చదువు మొదలైన నాకు
ఇదంతా వింత.
నిటారుగా నిలబడ్డ గీతలన్నిటికీ
ఒకామె కూర్చుని గోళ్లు తీస్తోంది.

మొదట పిల్లల ఆసుపత్రి అడిగింది.
ఎక్స్‌రే. రక్తపరీక్ష. అమ్మ ఇక్కడ కూర్చోవచ్చు.
ఆరేళ్ల తిమెక్, సూదికి ముందు,
తలుపు మీద చెక్కిన అక్షరంలో వేలు పెట్టి
చివరిదాకా లాగాడు.
ఎక్కడా గుచ్చుకోలేదు.
మళ్లీ మొదటినుంచి లాగాడు.
నర్సు ఆగింది.

తర్వాత పెరుగు డబ్బాలు, పళ్ల పేస్టు,
ట్రాము టికెట్ల యంత్రం.
అప్పులిచ్చే బ్యాంకు లేత నారింజ రంగులో
నోరారా పలకరిస్తుంది,
వడ్డీ మాత్రం అడుగున, సన్నగా.

నవంబరులో క్లెమెన్స్ తలుపు కిందనుంచి ఒక కాగితం.
"ప్రియమైన ఇరుగుపొరుగూ!
మన భవనం కొత్త అందం దిద్దుకుంటోంది."
మూడో వాక్యంలో అద్దె రెట్టింపు.
నాలుగో దాంట్లో, కుదరకపోతే దయచేసి
జనవరి ముప్పై ఒకటి లోగా.

బొగ్నా చదివి కుర్చీలో కూలబడింది.
తను గోళ్లు తీసిన చేతులే
అతన్ని మెడపట్టి గెంటుతున్నాయి.

క్షమించండి, అనబోయింది.
అతను కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
కాగితాన్ని ముక్కుదాకా తెచ్చుకున్నాడు.
చాలాసేపు.
"ఇదిగో, ఈ 'దయచేసి' ఉంది చూడు.
మా భాషలో దాని చివరి అక్షరానికి
కింద చిన్న తోక వేలాడుతుంది కదా,
అది లావెక్కింది.
నా మొన ఇంత లావు కాదు."

ఆ రాత్రి ఆమె తోకను సన్నం చేసింది,
తొమ్మిది మందాల్లోనూ.
మార్చిలో కొత్త కూర్పు బయటికి వెళ్లింది.
అప్పటికి క్లెమెన్స్
ఊరి చివర, చెల్లెలి వంటింట్లో
యంత్రం బిగించుకుని
ఉత్తరాల పెట్టెకి తన పేరు చెక్కుతున్నాడు.
రొట్టెపిండి మీద రాలిన ఇత్తడి పొట్టును
ఆమె తిట్టుకుంటూ ఊదుతోంది.